కోడిపిల్ల ముందు నల్లచుక్క

పదిహేనేళ్లుగా ఒక చుక్కను మోస్తున్నాను. ఆవగింజంత చుక్క. ఇప్పుడే, అరగంట కిందట, దాన్ని దించి వచ్చాను. ఇంకా పార్కింగ్ లాట్‌లోనే ఉన్నాను. కార్ స్టార్ట్ చేయలేకపోతున్నాను. భయంతో కాదు. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలా ఎవరో ఒకరిని పట్టుకుని అంతా చెప్పేయాలనిపిస్తోంది. దొరికింది మీరు. ఫోన్‌లో టైప్ చేస్తున్నాను, ముందుదీ వెనకదీ కలిసిపోతే కాస్త ఓపిక పట్టండి.

పేరు చెప్పను. చెబితే మా తెలుగు చర్చిలో సగంమందికి తెలుస్తుంది, మిగతా సగానికి ఆ సగం చెబుతారు. అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. అంటే, ఎదుటివాళ్ల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

చర్చిలో అప్పుడప్పుడు సాక్ష్యాలు చెప్పుకుంటాం. నేనూ లేచి చాలాసార్లు చెప్పాను. నా కోపం గురించి చెప్పాను. అత్తగారిని మనసులో తిట్టుకున్న తిట్ల గురించి, ఆవిడ ఇండియా వెళ్లిపోయాక చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు, ఆంటీలు వచ్చి చేతులు పట్టుకున్నారు. కానీ ఈ చుక్క సంగతి ఒక్కనాడూ నోటికి రాలేదు. అడుగున పెద్దది దాచిపెట్టి పైన చిన్నచిన్నవి పేర్చి చూపించడం కూడా అబద్ధమే కదా? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. అడగడమే తప్ప జవాబు చెప్పుకోలేదు.

ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మొదటి ఏడాది అది. క్యాంపస్‌లో పార్ట్ టైమ్ జాబ్ కోసం అందరం తిరిగాం. నా రూమ్మేట్స్‌కి కెఫెటేరియాలో గిన్నెలు కడిగే పని దొరికింది. నాకు కెమెరా సెట్ చేయడం వచ్చని యూనివర్సిటీ మ్యూజియం వాళ్లు తీసుకున్నారు. చిన్న మ్యూజియం. బేస్‌మెంట్‌లో ఒక చల్లటి గది, అందులో చైనా, జపాన్ బొమ్మలు పెట్టెల్లో నిద్రపోయేవి. వాటిని ఒక్కొక్కటీ తీసి, ఫోటో తీసి, మళ్లీ పడుకోబెట్టడం నా పని. ఆ గదికి అధికారి డాక్టర్ లిన్. డెబ్బై దగ్గర పడుతున్నా చకచకా నడిచే చిన్న మనిషి. నేను మేడమ్ అనేదాన్ని. మొదటిరోజే రూల్స్ చెప్పారు. పెన్ను తేకూడదు, పెన్సిలే. నీళ్ల బాటిల్ బయటే. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా ఆరాకే కాగితం ముట్టుకోవాలి. కాటుక గురించి ఏ రూలూ లేదు. ఎందుకుంటుంది?

ఇక మేడమ్‌కి ప్రాణమైన ఆ చైనా చిత్రకారుడు! ఆయన పేరు కూడా చెప్పను. ఆయనే ఒక పేరు మీద నిలవలేదు, జీవితమంతా పేర్లు మారుస్తూనే ఉన్నాడు. మూడు వందల ఏళ్ల పైమాట. రాజవంశంలో పుట్టాడు. ఇంకా ఇరవై నిండకుండానే ఆ రాజ్యం కూలిపోయింది. పాత రాజుల చుట్టమని తెలిస్తే బతకనివ్వరు. గుండు చేయించుకుని బౌద్ధ సన్యాసుల్లో కలిసిపోయాడు. ఏళ్లకి ఏళ్లు అలాగే దాక్కున్నాడు. ఆ తర్వాత లోపల ఏం తెగిందో, సన్యాసి బట్టలు చింపి తగలబెట్టి, వీధుల్లో ఒకసారి నవ్వుతూ ఒకసారి ఏడుస్తూ తిరిగాడట. తలుపు మీద "మూగ" అని రాసిపెట్టి మనుషులతో మాట్లాడటం మానేశాడట. అది పిచ్చా, నటనా? ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మేడమ్ ఇదంతా నిన్న జరిగినట్టు చెప్పేవారు. వింటూ వింటూ నేను లెన్స్ మూత పెట్టడం కూడా మర్చిపోయేదాన్ని.

ఆ మూగతనం తర్వాత వేసిన బొమ్మలు చూడాలి మీరు! మేడమ్ పుస్తకాల్లో చూపించేవారు. ఒక చేప. పైకి చూస్తూ ఉంటుంది, కళ్లలో అంత ఎకసెక్కెం, ఎవర్నో వెక్కిరిస్తున్నట్టు. చుట్టూ నీళ్లు వేయలేదు. ఒక్క గీత కూడా లేదు. అయినా నాకు నీళ్లు కనిపించాయి, మేడమ్ చెప్పేదాకా అక్కడ నీళ్లు లేవన్న సంగతే తట్టలేదు! ఒంటికాలి మీద నిలబడి అలిగిన పిట్ట. ఒకే ఒక్క పువ్వు. కాగితం మూడొంతులు ఖాళీ. ఆ ఖాళీని చూసి చైనాలో తరతరాల చిత్రకారులు పాఠం నేర్చుకున్నారట. ఆయన చేపలాంటి చేపలు వేసి ఆయనవే అని అమ్ముకున్న ఘనులు కూడా ఉన్నారట. బతికుండగా నోరు విప్పని మనిషి, పోయాక ఇన్ని వందల ఏళ్లుగా ఎంతమందితో మాట్లాడుతున్నాడో! నేను కంప్యూటర్ సైన్స్ పిల్లని. నాకు బొమ్మల గురించి ఓనమాలు తెలియవు. అయినా వారమంతా ఆ బేస్‌మెంట్ కోసమే ఎదురుచూసేదాన్ని.

మా పెట్టెల్లో ఆయనది ఒకే ఒక్క కాగితం. దాని మీద ఒక కోడిపిల్ల.

అంతే. పెద్ద కాగితం మధ్యలో గుప్పెడంత కోడిపిల్ల. తల్లి లేదు, గడ్డి లేదు, నేల కూడా లేదు. తల కొంచెం వంచి నిలబడి ఉంది. దీని మీదే మేడమ్ ముప్పై ఏళ్లుగా ఒక పెద్ద వ్యాసం రాస్తున్నారు. కోడిపిల్ల గురించి కాదు, దాని చుట్టూ ఉన్న ఖాళీ గురించి. ఆ పిల్లకి ప్రపంచంలో ఏమీ మిగల్లేదు, తినడానికి ఒక గింజ కూడా లేదు, రాజ్యం పోయినవాడు తనని తాను అలా వేసుకున్నాడు, అందుకే అక్కడ ఏమీ ఉండకూడదు. అదీ ఆవిడ వాదం. రిటైరయ్యేలోపు పూర్తి చేయాలని పట్టుదల.

ఆ రోజు మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు. నేనొక్కదాన్నే పెట్టె తెరిచాను. లైట్లు సరిచేసి ఒక ఫోటో తీశాను. కెమెరా వెనకనుంచి లేచి దగ్గరికెళ్లి వంగి చూశాను. అమ్మో, ఎంత ముద్దుగా ఉందో! ఇండియాలో మా అక్క పాపకి ఏడాది నిండకుండానే వదిలేసి వచ్చాను నేను. రోజూ స్నానం చేయించి, పౌడర్ రాసి, నా కంటి కొసనుంచి వేలితో కాస్త కాటుక తీసి దాని బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేదాన్ని, నాన్నగారు ఇంటికొచ్చేలోపు తుడిచేసేదాన్ని. మా నాన్నగారు పాస్టర్. మా ఇంట్లో దిష్టి అన్న మాటే నిషేధం. అందుకే మా అమ్మమ్మ పిల్లలకి అరికాళ్లలో పెట్టేది, ఆయన కంటపడకుండా. ఆవిడే ఆముదం దీపం మీద పట్టిన కాటుక, చిన్న డబ్బాలో పెట్టి నాతో పంపింది.

చేయి దాని దారిన అది వెళ్లింది. వేలు కంటి కొసకి, అక్కడినుంచి కాగితానికి. ఒక్క క్షణం. కోడిపిల్ల ముక్కుకి రెండు వేళ్ల దూరంలో ఒక నల్లచుక్క పడింది.

నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కనిపించింది కాగితం కాదు. పాప బుగ్గ. తర్వాత కనిపించింది కాగితం.

తుడవబోయి ఆగాను, తుడిస్తే పులుముకుంటుంది. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. చైనా సిరా కూడా దీపపు మసితోనే చేస్తారని మేడమ్ చెప్పి ఉన్నారు. ఇదీ మసే, అదీ మసే. మూడు వందల ఏళ్ల కిందటి నలుపూ మా అమ్మమ్మ నలుపూ అక్కాచెల్లెళ్లలా కలిసిపోయాయి. చుక్క అక్కడ పుట్టినట్టే ఉంది.

ఇక్కడివరకూ జరిగింది తప్పు కాదు, పొరపాటు. మీరూ అలాగే అంటారేమో. కానీ నేను వెంటనే కెమెరా దగ్గరికి వెళ్లాను. మొదటి ఫోటో, చుక్క లేనిది, ముందు నా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. ఎందుకు చేసుకున్నానో ఈ రోజుకీ తెలియదు. తర్వాత దాన్ని కెమెరాలో డిలీట్ చేశాను. చుక్కతో మళ్లీ ఫోటో తీశాను. చుక్క పెట్టిన వేలికి నేను ఎప్పుడో క్షమాపణ ఇచ్చేశాను. డిలీట్ నొక్కిన వేలికి ఇవ్వలేకపోయాను. అప్పుడు నాకు మతి పూర్తిగా ఉంది.

వారం గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం మేడమ్ పిలిచారు. బల్ల మీద కోడిపిల్ల ఉంది. ఆవిడ చేతిలో భూతద్దం. పదిహేనేళ్లుగా ఒక్క మాటా మర్చిపోలేదు నేను.

"ఈ చుక్క ముందునుంచీ ఉందా?" అన్నారు.

"ఏ చుక్క మేడమ్?"

"ఇదిగో. ముక్కు ముందు."

వంగి చూసినట్టు నటించాను. "ఉంది మేడమ్. నేను పెట్టె తెరిచినప్పుడే ఉంది. ఫోటోలో కూడా ఉంది చూడండి."

"నువ్వు సరిగ్గా చూశావా?"

"చూశాను మేడమ్."

కోప్పడతారనుకున్నాను. అనుమానిస్తారనుకున్నాను. అసలు అనుమానిస్తే బాగుండేది! ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ చూశారు. "నీ కళ్లు మంచివి," అన్నారు. "ముప్పై ఏళ్లు చూశాను. నాకే కనబడలేదన్నమాట."

పాత ఫోటో ఒకటి ఉంది కానీ అగ్గిపెట్టెంత, నలుపు తెలుపుల్లో, దాన్నిండా దుమ్ము మచ్చలే. అది ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పలేదు. చెప్పగలిగింది నా పెన్ డ్రైవ్ ఒక్కటే. అది నా బ్యాగ్‌లో, ఆ బల్లకి నాలుగడుగుల దూరంలో ఉంది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని, వీసాకి ఏమన్నా అవుతుందని, ఇంటికి పంపేస్తారని. చాలా ఏళ్లు ఇవే చెప్పుకున్నాను. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. నీ కళ్లు మంచివి అని ఆవిడ అన్నప్పుడు, ఆ భయం మధ్యలో కూడా, నాకు సంతోషం వేసింది. ఇది రాయడం కష్టంగా ఉంది. ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాత మేడమ్ కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఏమీ లేదన్నారట, వయసే అన్నారట. అప్పటినుంచి ప్రతి బొమ్మా చూశాక నన్ను పిలిచి "నువ్వు కూడా ఒకసారి చూడు" అనేవారు. తనకు కనిపించిందాన్ని నా చేత అవుననిపించుకుంటే తప్ప రాసేవారు కాదు. నేను చూసేదాన్ని. తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా చూసేదాన్ని. వ్యాసం కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశారు. చుక్క ఉన్నాక ఖాళీ ఎక్కడిది? ఏడాది తిరక్కుండానే రిటైరయ్యారు. వెళ్లేరోజు భూతద్దం నా చేతిలో పెట్టి, "ఇక నాకు దీనితో పని లేదు, నీ దగ్గర ఉంచుకో," అన్నారు. తీసుకున్నాను. థాంక్యూ కూడా చెప్పాను, చూడండి నా బుద్ధి.

తర్వాత జరిగిందంతా వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మేడమ్ స్థానంలో కొత్తగా వచ్చినాయన ఆ చుక్కను తలకెత్తుకున్నాడు. అది పురుగట. కాదు గింజట. అన్నీ పోయినవాడి ముందు మిగిలిన చిట్టచివరి ఆశట! పెద్ద వ్యాసం రాశాడు. కోడిపిల్ల పోస్టరైంది, కాఫీ మగ్గు మీదికెక్కింది, పుస్తకాల్లో పెట్టుకునే బుక్‌మార్క్ అయింది. అన్నిటి మీదా చుక్క. నేను వెబ్‌సైట్‌లో చూసేదాన్ని, వెంటనే మూసేసేదాన్ని. ఎవరైనా "దిష్టి" అన్నా చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. ఆ ఫోటో మాత్రం పోనివ్వలేదు. ఎన్ని లాప్‌టాప్‌లు మారినా "పాత రెజ్యూమెలు" అన్న ఫోల్డర్‌లో దాచుకుంటూ వచ్చాను. పారేయలేను, చూడలేను.

పోయిన నెల మా అమ్మాయి స్కూల్‌నుంచి ఒక బొమ్మ తెచ్చింది. దానికి పదేళ్లు. ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టి అతికించింది. తెల్ల కాగితం, మధ్యలో కోడిపిల్ల, ముక్కు ముందు నల్లచుక్క. మ్యూజియం వాళ్లు స్కూళ్లకి పంపే వర్క్‌షీట్ అట.

"ఇది ఏంటే?" అన్నాను.

"చైనా ఆర్టిస్ట్ అమ్మా, హి వాజ్ సో సాడ్. ఈ డాట్ ఉంది కదా, అదే బెస్ట్ పార్ట్. మా టీచర్ చెప్పింది, డాట్ లేకపోతే పెయింటింగే లేదు అని."

పాలప్యాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూడు వందల ఏళ్లు నిలిచిన మనిషి పక్కన మా అమ్మమ్మ కాటుక చేరి కూర్చుంది, నా కూతురు దాన్ని చూసి బొమ్మలు నేర్చుకుంటోంది! సిగ్గు చెప్పను, ముందు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. ఆ వెంటనే మేడమ్ కళ్లద్దాలు తుడుచుకోవడం కనిపించింది. ఈ దేశంలో ఎంతమంది పిల్లలు ఆ చుక్క పెడుతున్నారో. పెట్టిన ప్రతిసారీ ఆవిడ కళ్లు తప్పని మరొకరు సాక్ష్యం చెప్పినట్టే కదా?

ఆ రోజే మ్యూజియం పేజీ అంతా వెతికాను. ఒక మూల చిన్న ప్రకటన. మా పాత క్యూరేటర్ డాక్టర్ లిన్ పుట్టినరోజు, కార్డులు పంపదలచినవారు ఈ అడ్రసుకి పంపగలరు. ఆవిడ ఉన్నారు! బతికే ఉన్నారు! అరోరానుంచి నలభై నిమిషాల డ్రైవ్. పెద్దవాళ్లు ఉండే హోమ్. ఇన్నేళ్లూ నేను నలభై నిమిషాల దూరంలో ఉన్నాను.

ఇవాళ పొద్దున బయల్దేరేముందే మ్యూజియానికి ఈమెయిల్ పంపేశాను, ఫోటో జతచేసి, మొత్తం రాసి. దారిలో మనసు మారితే వెనక్కి తిరిగే వీలు లేకుండా. వాళ్లేం చేస్తారో, కేసు పెడతారో, మగ్గుల మీద చుక్క చెరుపుతారో నాకు తెలియదు. ఆ ఫోటోనే పెద్ద ప్రింట్ తీయించి, ఆ భూతద్దంతో పాటు బ్యాగ్‌లో పెట్టుకుని ఇక్కడికి వచ్చాను.

కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. గుర్తుపట్టారు. నేను కూర్చోలేదు. నిలబడే ఒక్క గుక్కలో చెప్పేశాను. పాప, కాటుక, వేలు, డిలీట్, "ఉంది మేడమ్". దిష్టి అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. మరీ బాగున్నదాన్ని ఎవరి కళ్లూ పడకుండా మేమే కాస్త పాడుచేసుకుంటాం అన్నాను. అంతకంటే మాట దొరకలేదు. ఏడవకూడదని ముందే అనుకున్నాను. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఏడవలేదు.

ఆవిడ చేయి చాపారు. ఫోటో ఇచ్చాను. ఇంకో చేయి చాపారు. భూతద్దం ఇచ్చాను. ఫోటోని వెలుతురు వైపు తిప్పుకుని, ఒక మూలనుంచి మొదలుపెట్టి, వరుసగా, ఏ తొందరా లేకుండా చూస్తూ వచ్చారు. కోడిపిల్ల దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, ముక్కుకి రెండు వేళ్ల దూరంలో ఆగారు. అక్కడ వేలు పెట్టారు.

"లేదు," అన్నారు. నాతో కాదు.

"లేదు మేడమ్," అన్నాను.

అంతే. క్షమించాననలేదు. వెళ్లిపొమ్మనలేదు. తలెత్తి నన్ను చూడనైనా లేదు. నేను ఎదురుగా ఉన్నానో లేదో కూడా ఆవిడకి అవసరం లేనట్టుంది. బయటికి వచ్చేశాను. క్షమిస్తే బాగుండేదా? బాగుండేదే. కానీ కార్ దాకా నడుస్తుంటే, ఏం చెప్పను, ఒళ్లంతా తేలిపోతోంది! నోటికొచ్చిన పాటేదో గట్టిగా పాడాను, పక్క కార్ దగ్గరున్న ముసలాయన తిరిగి చూశాడు. చూడనీ.

మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇంటికెళ్లి ఆయనకి చెప్పాలి. అమ్మాయికి చెప్పాలి, అదే అన్నిటికంటే కష్టం, దానికి ఆ చుక్కంటే ప్రాణం. చెబుతాను. ఇప్పుడే బయల్దేరాలి.

ఒక్క సంగతి రాసి ఆపేస్తాను. ఇక్కడినుంచి ఆవిడ కిటికీ కనిపిస్తోంది. నేను బయటికొచ్చి గంట కావస్తోంది. ఆవిడ ఇంకా ఆ ఫోటో మీదికి వంగే ఉన్నారు, భూతద్దం చేతిలోనే ఉంది. "నువ్వు కూడా ఒకసారి చూడు" అని ఎవర్నీ పిలవడం లేదు. ఒక్కరే చూసుకుంటున్నారు.